వాలు మీరే గీసుకోవాలి: గ్లైడ్‌స్లోప్ లేని రన్‌వేకు క్షేమంగా దిగే విధానం

ప్రొద్దుటూరు పక్కన మా తాతగారి పొలంలో ఒక కపిల బావి ఉండేది. నాకు ఊహ తెలిసేనాటికే కపిల తోలడం ఆగిపోయి కరెంటు మోటారు వచ్చింది. ఎద్దులు నడిచిన బాట మాత్రం మిగిలింది. గట్టు దగ్గర మొదలై చివరిదాకా అది ఒకే వాలు. బావిలోకి మనుషులు దిగడానికి మరో పక్క రాతిమెట్లు ఉండేవి. ఎద్దులకు మెట్లెందుకు కట్టలేదని చిన్నప్పుడు అడిగాను. "బరువు లాగే ఎద్దుకు అడుగడుక్కీ పట్టు మారకూడదురా, మారితే కాలు జారుతుంది" అన్నారు తాత.

నాన్ ప్రెసిషన్ అప్రోచ్, అంటే దిగే వాలును చూపే రేడియో కిరణం (గ్లైడ్‌స్లోప్) లేకుండా విమానాన్ని రన్‌వేకు దింపే పద్ధతి, నేర్పాల్సి వచ్చినప్పుడల్లా నాకు ఆ బాటే గుర్తుకొస్తుంది. కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచి పైలట్ శిక్షణకు వెళ్లి, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయట కనబడకున్నా పరికరాలు చూసి ఎగిరే అర్హత) దాకా వచ్చిన పిల్లలు సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు మా మిద్దె మీద కూర్చుని అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే రకం. గ్లైడ్‌స్లోప్ లేనప్పుడు దిగడం ఎక్కడ మొదలుపెట్టాలి? ఏ వేగంతో దిగాలి? రన్‌వే కనబడకపోతే ఏ క్షణంలో వదిలేయాలి? వాళ్లకు గ్రాఫ్ కాగితం మీద చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. ఇందులోని అప్రోచ్ లెక్కలు అభ్యాసం కోసం నేను కల్పించినవి. విమానంలో కూర్చున్నప్పుడు అధికారిక విమానయాన సమాచార సంకలనం ఏఐపీలోని తాజా చార్టు, మీ సంస్థ ఇచ్చిన నియమాలు, మీ శిక్షకుడి మాట ఈ వ్యాసం కంటే ముందు.

పరికరం చెప్పేది ఎంత, చెప్పనిది ఎంత

రన్‌వేకు దారి చూపే రేడియో వ్యవస్థ ఐఎల్ఎస్ రెండు సంగతులు చెబుతుంది: మీరు రన్‌వే గీతకు ఎడమన ఉన్నారా కుడిన ఉన్నారా, దిగాల్సిన వాలుకు పైన ఉన్నారా కింద ఉన్నారా. వీఓఆర్, ఎన్‌డీబీ అనే నేల మీది రేడియో కేంద్రాలు, గ్లైడ్‌స్లోప్ లేని లోకలైజర్ (ఐఎల్ఎస్‌లో ఎడమ, కుడి చూపే భాగం), ఉపగ్రహ ఆధారిత ఎల్‌నావ్ అప్రోచ్‌లు మొదటిది మాత్రమే చెబుతాయి. రెండోది మీ పని. దానికి మీ చేతిలో ఉండేవి గాలి ఒత్తిడిని బట్టి ఎత్తు చూపే ఆల్టిమీటర్, దూరం చూపే డీఎంఈ లేదా జీపీఎస్, ఒక గడియారం, ముందే వేసుకున్న లెక్క.

అడ్డంకుల నుంచి రక్షణ కూడా పరిమితమే. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో నమూనా ప్రకారం, చివరి అప్రోచ్ మొదలయ్యే బిందువు, అంటే ఎఫ్‌ఏఎఫ్, ఉన్న నాన్ ప్రెసిషన్ అప్రోచ్‌లో చివరి భాగంలో అడ్డంకికీ మీకూ మధ్య ఉంచే కనీస ఎడం 75 మీటర్లు, అంటే 246 అడుగులు. ఎఫ్‌ఏఎఫ్ లేకపోతే 90 మీటర్లు. గీత మీద ఉండి, ఆల్టిమీటర్‌లో సరైన ఒత్తిడి పెట్టుకుని, చార్టు చెప్పిన ఎత్తు కంటే కిందికి పోకుండా ఉంటేనే ఆ ఎడం మీది.

కడప పట్టణాన్ని మూడు వైపుల నల్లమల, పాలకొండ కొండలు చుట్టుకుని ఉన్నాయి. పుట్టపర్తి రన్‌వే చుట్టూ గుట్టలే. కర్నూలు విమానాశ్రయం ఉన్న ఓర్వకల్లులో రాళ్లు ఎలా లేచి నిలుస్తాయో నంద్యాల దారిలో బస్సు కిటికీలోంచి చూసిన వాళ్లందరికీ తెలుసు. మన నేల మీద 246 అడుగులు పెద్ద ఎడమేమీ కాదు.

మెట్ల దిగుడులో ఉన్న చిక్కు

పాత పద్ధతి మెట్ల దిగుడు. చార్టులో ఒక్కో బిందువు దాటగానే తర్వాతి కనీస ఎత్తుకు గబగబా దిగి, అక్కడ సమంగా ఎగిరి, మళ్లీ దిగడం. చివరి మెట్టు ఎమ్‌డీఏ, అంటే రన్‌వే కనబడనంత వరకు దాటి దిగరాని ఎత్తు. ఆ ఎత్తులో సమంగా ఎగురుతూ, మిస్డ్ అప్రోచ్ బిందువు, అంటే రన్‌వే కనబడకపోతే దిగడం మానుకోవాల్సిన చోటు, వచ్చేదాకా రన్‌వే కోసం వెతకడం.

ఇది చాలా చోట్ల నిషిద్ధం కాదు. మేఘం కిందికి తొందరగా వచ్చేస్తారు కాబట్టి దీన్ని ఇష్టపడే అనుభవజ్ఞులు ఇప్పటికీ ఉన్నారు. నేను మాత్రం మొదటి ఎంపికగా ఎవరికీ నేర్పను. ఎందుకో ఒక సిమ్యులేటర్ పాఠం చెబుతాను.

ఆ విద్యార్థి 1,500 అడుగుల దగ్గర ముక్కు ఎత్తాడు. దిగడం ఆగింది. ఎత్తు సరిగ్గా 1,500. అతని కుడిచేయి థ్రాటిల్ మీదే ఉంది, కానీ కదలలేదు. దిగుతున్నప్పుడు తగ్గించిన శక్తి తగ్గించినట్టే ఉంది. అతని కళ్లు ఎదుటి బూడిదరంగు తెర మీద రన్‌వే దీపాల కోసం వెతుకుతున్నాయి. వేగం 90 నాట్ల (గంటకు నాటికల్ మైళ్ల) నుంచి 82కు వచ్చింది. ఎత్తు నిలవడం కోసం చేయి తెలియకుండానే ముక్కును ఇంకొంచెం ఎత్తింది. 74. అప్పుడు నేను శక్తి పెంచమన్నాను. "పెంచాననుకున్నాను సార్" అన్నాడు. తెలివైన కుర్రవాడే. నేలకు అత్యంత దగ్గరగా, బయటికి అత్యంత ఆత్రంగా చూస్తున్న క్షణంలో ముక్కు, శక్తి, ట్రిమ్ (ముక్కును పెట్టిన చోట నిలిపే సర్దుబాటు) మూడూ ఒకేసారి మార్చమని అడిగే పద్ధతి అది.

రెండో చిక్కు చివర్లో వస్తుంది. సమంగా ఎగురుతూ ఉంటే రన్‌వే తరచూ ఆలస్యంగా కనబడుతుంది. అప్పటికి మూడు డిగ్రీల వాలు దాటిపోయి ఉంటుంది. కనబడిందన్న సంతోషంలో ముక్కు కిందికి దింపి దూకుతారు. నిటారుగా, వేగంగా, రన్‌వే మధ్యలో నేల తాకడం దాని ఫలితం.

వాలు దిగుడు, అంటే సీడీఎఫ్‌ఏ, దీనికి విరుగుడు. ఎఫ్‌ఏఎఫ్ దగ్గర మొదలుపెట్టి రన్‌వే దాకా ఒకే కోణంలో దిగడం, మధ్యలో ఎక్కడా సమంగా ఎగరకపోవడం. ఐరోపా నిబంధనలు ఈ పద్ధతి పాటించని వాళ్ల దగ్గర ఎక్కువ దృశ్యమానత అడుగుతాయి: చిన్న విమానాల ఏ, బీ వర్గాలకు 200 మీటర్లు, సీ, డీ వర్గాలకు 400 మీటర్లు అదనం.

మొదటి పని: నేల మీదే వాలు గీయడం

ఇక్కడ ఎక్కువసేపు ఆగుదాం. మిగతాదంతా దీని మీదే నిలుస్తుంది.

మూడు డిగ్రీల వాలులో ఒక నాటికల్ మైలుకు 318 అడుగులు దిగుతారు. ఈ వ్యాసంలో మైలు అంటే నాటికల్ మైలే. రన్‌వే మొదలును సాధారణంగా 50 అడుగుల ఎత్తులో దాటాలి. ఈ రెండు అంకెలు చాలు.

మన ఊహా రన్‌వే మొదలు సముద్రమట్టానికి 1,000 అడుగుల ఎత్తులో ఉందనుకోండి. ఎఫ్‌ఏఎఫ్ దగ్గర ఎత్తు 3,000 అడుగులు, ఎమ్‌డీఏ 1,500 అడుగులు. రన్‌వే మొదలు దగ్గర మీరు ఉండాల్సిన ఎత్తు 1,050. 3,000లోంచి 1,050 తీసేస్తే 1,950 అడుగులు దిగాలి. 318తో భాగిస్తే 6.1 మైళ్లు. దిగడం మొదలుపెట్టాల్సిన చోటు అదే.

ఇప్పుడు 1,050కి మైలుకు 318 చొప్పున కలుపుతూ పైకి రండి. దగ్గరి పదికి సవరిస్తే పట్టిక ఇలా వస్తుంది:

6 మైళ్లు: 2,960 అడుగులు
5 మైళ్లు: 2,640
4 మైళ్లు: 2,320
3 మైళ్లు: 2,000
2 మైళ్లు: 1,690

చార్టు మీద ఇలాంటి పట్టిక చాలాసార్లు అచ్చయి ఉంటుంది. అయినా ఒకసారి మీ చేత్తో వేయండి. చేత్తో వేసిన అంకె ఆకాశంలో వెంటనే నోటికొస్తుంది. అచ్చులోది వెతుక్కోవాల్సి వస్తుంది.

తర్వాత మధ్య మెట్లు సరిచూడాలి. 3 మైళ్ల దగ్గర కనీస ఎత్తు 1,900 అని చార్టులో ఉంటే మన వాలు అక్కడ 2,000 దగ్గర దాటుతోంది, ఇబ్బంది లేదు. అదే కనీస ఎత్తు 2,150 అయితే? మూడు డిగ్రీల వాలు ఆ మెట్టును 150 అడుగుల కింద కోస్తుంది. అప్పుడు కోణం మార్చాలి. 2,150 నుంచి 1,050 దాకా 1,100 అడుగులు, దూరం 3 మైళ్లు, మైలుకు 367 అడుగులు. అది దాదాపు మూడున్నర డిగ్రీలు. 3,000 నుంచి ఆ వాలులో దిగాలంటే 6.1 మైళ్ల దగ్గర మొదలుపెట్టకూడదు, 5.3 మైళ్ల దాకా ఆగాలి. ఐకావో లెక్కలో మేలైన వాలు 5.2 శాతం, అంటే మూడు డిగ్రీలు. ఏ, బీ వర్గాలకు గరిష్ఠం 6.5 శాతం, పెద్ద విమానాలకు 6.1 శాతం. మనకు వచ్చింది ఆరు శాతం పైచిలుకు, హద్దుకు చాలా దగ్గర. అలాంటి అప్రోచ్‌కు వెనకగాలి ఉంటే నేనైతే రెండో వైపు రన్‌వే అడుగుతాను.

ఇక ఎమ్‌డీఏ. వాలు మీద దిగుతున్న విమానం గో-అరౌండ్ (దిగడం మాని పైకి లేవడం) మొదలుపెట్టగానే గాలిలో ఆగిపోదు, ఇంకొంచెం కిందికి పోయాకే లేస్తుంది. ఎమ్‌డీఏ దాటి కిందికి పోయే అనుమతి లేదు కాబట్టి దానికి కొంత కలుపుకోవాలి. చాలా సంస్థల్లో అది 50 అడుగులు. మన లెక్కలో 1,550. ఆ ఎత్తు వచ్చేది రన్‌వేకు సుమారు 1.6 మైళ్ల దగ్గర. కాగితం మీద ఆ బిందువు చుట్టూ ఎర్ర సున్నా చుట్టండి.

దిగుడు వేగం, మన ఎండలు

నిమిషానికి ఎన్ని అడుగులు దిగాలన్నది నేలతో పోల్చిన వేగాన్ని, అంటే గ్రౌండ్ స్పీడ్‌ను, బట్టి ఉంటుంది. గ్రౌండ్ స్పీడ్‌ను ఐదుతో గుణించి కొంచెం కలపండి. కచ్చితంగా కావాలంటే 5.3తో గుణించండి. 90 నాట్లకు సుమారు 480, 120 నాట్లకు సుమారు 640.

పిల్లలు తప్పు చేసేది గుణకారంలో కాదు, ఏ వేగాన్ని గుణించాలన్న దగ్గర. వేగసూచిక మీద కనబడేది గ్రౌండ్ స్పీడ్ కాదు. మే నెలలో మన వైపు గాలి ఎంత పలచబడుతుందో చూడండి. నేల మీద 40 డిగ్రీలు ఉన్నప్పుడు, 2,000 అడుగుల ఎత్తులో సూచిక 90 చూపితే గాలిలో అసలు వేగం సుమారు 97 నాట్లు. పది నాట్ల ఎదురుగాలి ఉంటే గ్రౌండ్ స్పీడ్ 87, దిగుడు నిమిషానికి 460. అదే పది నాట్లు వెనకగాలి అయితే 107, దిగుడు 570. సూచికలో అదే 90, దిగుడులో మాత్రం నిమిషానికి 110 అడుగుల తేడా. జీపీఎస్ ఉంటే గ్రౌండ్ స్పీడ్ దాన్నుంచే తీసుకోండి.

ఎండ ఆల్టిమీటర్‌నూ మారుస్తుంది. ప్రామాణిక వాతావరణం కంటే గాలి వేడిగా ఉంటే ఆల్టిమీటర్ చూపే దానికంటే మీరు నిజంగా పైన ఉంటారు. కడపలో 43 డిగ్రీల మధ్యాహ్నం ఆ తేడా, విమానాశ్రయం పైన ఉన్న ఎత్తులో సుమారు పదో వంతు. ఆల్టిమీటర్ లెక్కన మూడు డిగ్రీల వాలులో చక్కగా దిగుతున్నా, నిజానికి మీరు సుమారు 3.3 డిగ్రీల వాలు మీద ఉంటారు. మబ్బు కిందికి వచ్చి చూస్తే రన్‌వే పక్కన వాలును రంగుల్లో చూపే పాపీ దీపాల్లో రెండు తెలుపు, రెండు ఎరుపు ఉండాల్సిన చోట మూడు తెలుపు, ఒక ఎరుపు కనబడవచ్చు. నా లెక్క తప్పిందేమోనని కంగారుపడి దూకవద్దు. కారణం ఎండ అని ముందే తెలిసి ఉంటే దిగుడును కొద్దిగా పెంచి మెల్లగా సర్దుకోవచ్చు.

చలిలో ఇది తిరగబడుతుంది. ఆల్టిమీటర్ చూపే దానికంటే నిజంగా కింద ఉంటారు, అది ప్రాణాంతకం. మన పిల్లలకు రేపు శ్రీనగర్, లేహ్ వైపు ఉద్యోగం రావచ్చు. చలి సవరణ పట్టిక చదవడం ఇప్పుడే అలవాటు చేసుకోవాలి.

సున్నా ఎక్కడుంది?

మన పట్టికలో దూరాలన్నీ రన్‌వే మొదలు నుంచి కొలిచినవి. డీఎంఈ చూపేది మాత్రం డీఎంఈ కేంద్రం నుంచి. ఆ కేంద్రం రన్‌వే మొదలుకు 0.8 మైలు అవతల ఉంటే, డీఎంఈలో 4 కనబడినప్పుడు రన్‌వేకు మిగిలింది 3.2 మైళ్లే. పట్టికను సవరించకపోతే మీరు 250 అడుగులు ఎత్తులో ఉంటారు. అది ఇబ్బంది. కేంద్రం రన్‌వేకు ఇవతలే ఉంటే తప్పు కింది వైపు జరుగుతుంది. అది ప్రమాదం.

1997 ఆగస్టు 6 రాత్రి గువామ్ దీవిలో కొరియన్ ఎయిర్ 801 విమానం దిగబోతోంది. గ్లైడ్‌స్లోప్ పనిచేయడం లేదు, లోకలైజర్ మాత్రమే ఉంది. అక్కడి వీఓఆర్, డీఎంఈ కేంద్రం విమానాశ్రయంలో లేదు, రన్‌వేకు 3.3 మైళ్ల ముందు నిమిట్జ్ కొండ మీద ఉంది. అంటే దూరం సున్నాకు తగ్గి, మళ్లీ పెరిగాకే రన్‌వే వస్తుంది. ఆ బోయింగ్ 747 మధ్య మెట్ల కనీస ఎత్తులు దాటి దిగిపోయి ఆ కొండనే ఢీకొంది. 254 మందిలో 228 మంది చనిపోయారు. ఆ చార్టు మీద వేలు పెట్టి, సున్నా ఎక్కడ ఉందో విద్యార్థులతో వెతికిస్తాను. కొత్త చార్టు తెరిచిన ప్రతిసారీ మీరు ముందుగా వెతకాల్సింది అదే.

క్యూఎన్‌హెచ్: రెండు చోట్ల విని, ఒకరికొకరు చెప్పుకోవడం

క్యూఎన్‌హెచ్ అంటే ఆల్టిమీటర్ సముద్రమట్టం నుంచి ఎత్తు చూపేలా అందులో పెట్టే ఒత్తిడి, హెక్టోపాస్కల్స్‌లో. అది ఒక హెక్టోపాస్కల్ తప్పితే ఎత్తు సుమారు 28 అడుగులు తప్పుతుంది. పది తప్పితే 280, అంటే 246 అడుగుల ఎడం మొత్తం పోయినట్టే. 2022 మే 23న పారిస్ షార్ల్ ద గోల్ దగ్గర ఉపగ్రహ ఆధారిత అప్రోచ్‌లో ఉన్న ఒక ఎయిర్‌బస్ ఏ320కి కంట్రోలర్ 1001 బదులు 1011 చెప్పారు. పైలట్లు వాలు మీదే ఉన్నారు. కంప్యూటర్ గీసిన నిలువు దారిలో ఏ లోపమూ కనబడలేదు. ఆ దారి మొత్తంగా 280 అడుగులు కిందికి జారి ఉంది. వానలో రన్‌వే కనబడక గో-అరౌండ్ చేసినప్పుడు రేడియో ఆల్టిమీటర్ నమోదు చేసిన కనిష్ఠ ఎత్తు 6 అడుగులు.

ఒకే వాలులో దిగడం ఎంత మేలైనా తప్పుడు క్యూఎన్‌హెచ్ నుంచి అది కాపాడదు. ఏటిస్‌లో (విమానాశ్రయ వాతావరణ వివరాల రికార్డు ప్రసారంలో) విన్నదీ కంట్రోలర్ చెప్పిందీ పక్కపక్కన రాయండి. రెండింటి మధ్య రెండు, మూడు హెక్టోపాస్కల్స్ మించి తేడా ఉంటే అడగండి. అంకె అంకెగా తిరిగి చదవండి. నవంబరులో బంగాళాఖాతం మీద వాయుగుండం ఉన్నప్పుడు ఒత్తిడి మామూలు రోజుల కంటే తక్కువగా ఉంటుంది. 2021 నవంబరులో చెయ్యేరుకు వరద తెచ్చిన వానల వంటి రోజుల్లో మేఘాలు కిందికి దిగేదీ, క్యూఎన్‌హెచ్ అలవాటైన అంకెకు దూరంగా ఉండేదీ ఒకేసారి. అలాంటి పూట చెవికి అలవాటైన 1011 వినబడినట్టు అనిపించడం చాలా సులువు.

దిగడం

ఎఫ్‌ఏఎఫ్‌కు మూడు మైళ్ల ముందే వేగం, ఫ్లాప్స్, చక్రాలు మీ విమానానికి తగ్గట్టు సిద్ధం కావాలి. వాలు మీదికి వచ్చాక విమానం ఆకారం ఎంత తక్కువ మారితే అంత మంచిది. ముక్కు కదలడానికి కొన్ని క్షణాలు పడుతుంది కాబట్టి లెక్కలో వచ్చిన బిందువుకు 0.2 లేదా 0.3 మైలు ముందే శక్తి తగ్గించి దిగడం మొదలుపెట్టండి. అయితే ఎఫ్‌ఏఎఫ్ ఎత్తుకు కిందికి ఎఫ్‌ఏఎఫ్ దాటకముందు పోకూడదు. ఆ హద్దు ఉంటే బిందువు మీదే మొదలుపెట్టి, మొదటి అరమైలు నిమిషానికి 50 అడుగులు ఎక్కువ దిగండి.

ఆపైన ప్రతి మైలుకూ ఒకే మాట, పైకి వినబడేలా: "నాలుగు మైళ్లు. 2,320 ఉండాలి, 2,350 ఉంది. 30 ఎక్కువ." ఒంటరిగా ఎగురుతున్నా నోరు తెరిచి చెప్పండి. తర్వాతి మైలు అంకె కూడా అప్పుడే చెప్పండి: "మూడు దగ్గర 2,000."

వాలుకు 100 అడుగులు పైన ఉంటే దిగుడును నిమిషానికి 100 పెంచండి. 87 నాట్ల గ్రౌండ్ స్పీడ్ మీద ఒక నిమిషంలో, అంటే సుమారు ఒకటిన్నర మైలులో, గీత మీదికి వస్తారు. రాగానే ఆ 100 తీసేయండి, లేకపోతే గీత దాటి కిందికి పోతారు. వాలుకు కింద ఉంటే పైకి లాగవద్దు, దిగుడు తగ్గించి వాలును మీ దగ్గరికి రానివ్వండి. కానీ చార్టు ఇచ్చిన కనీస ఎత్తు కిందికి పోయారంటే సర్దుబాటు లేదు, గో-అరౌండే. దిగుడు నిమిషానికి 1,000 దాటినా, మబ్బులో ఉండగా విమానాశ్రయం పైన 1,000 అడుగుల దగ్గరికి వచ్చేసరికి వేగం, దిగుడు, దిశ స్థిరపడకపోయినా అదే.

ఆటోపైలట్ ఉన్నవాళ్లకు రెండు పాత ప్రమాదాలు చెప్పాలి. 2013 ఆగస్టు 14 తెల్లవారుజామున అమెరికాలోని బర్మింగ్‌హామ్‌లో యూపీఎస్ 1354 సరుకు విమానం లోకలైజర్ అప్రోచ్‌లో ఉంది. కంప్యూటర్ వాలు మీద దిగాలనుకున్నారు. కంప్యూటర్‌లో దారి క్రమం సరిగ్గా సిద్ధం కాకపోవడంతో అది పట్టుకోలేదు. కెప్టెన్ నిమిషానికి 1,500 అడుగుల దిగుడు పెట్టారు. అవసరమైన ఎత్తు పిలుపులు వినబడలేదు. విమానం 1,200 అడుగుల కనిష్ఠాన్ని దాటి రన్‌వే ముందు నేలను తాకింది. ఇద్దరు పైలట్లూ చనిపోయారు. అనుకున్న పద్ధతి పట్టుకోకపోతే మధ్యలో మరో పద్ధతికి దూకకూడదు. పైకి వెళ్లి, కుదుటపడి, మళ్లీ రావాలి.

రెండోది మన పొరుగున, బెంగళూరులో. 1990 ఫిబ్రవరి 14న ఇండియన్ ఎయిర్‌లైన్స్ 605, ఎయిర్‌బస్ ఏ320, రన్‌వేకు ముందే గోల్ఫ్ మైదానంలో కూలింది. 146 మందిలో 92 మంది పోయారు. ఇంజిన్లను కనిష్ఠ శక్తిలో ఉంచి దిగే ఆటో విధానంలో విమానం ఉండగా వేగం, ఎత్తు రెండూ పడిపోతున్న సంగతి సకాలంలో గుర్తించలేదని విచారణ తేల్చింది. ఏ మీట నొక్కినా, పైన తెర మీద ఏ విధానం పేరు వచ్చిందో చదివి చెప్పండి. నొక్కిన మీట కాదు, తెర మీద వెలిగిన పేరే నిజం.

ఎర్ర సున్నా దగ్గర

1,650 దగ్గర "వంద ఉంది" అనాలి. 1,550 దగ్గర రెండే మాటలు: "కనబడింది, దిగుతున్నాను" లేదా "కనబడలేదు, పైకి." మూడో మాట లేదు. ఇంకొంచెం ముందుకు వెళ్లి చూద్దామన్న ఆలోచన మెట్ల దిగుడు వదిలివెళ్లిన అలవాటు. వాలు దిగుడులో ఆ ఎత్తుకు ఆ దూరంలో కనబడని రన్‌వే, ఇంకో అరమైలు పోయాక కనబడినా, మామూలు వాలులో దాని మీద దిగడం కుదరదు.

ఇక్కడ చాలామంది మరిచిపోయే సంగతి ఒకటుంది. మీరు పైకి లేచింది 1.6 మైళ్ల దగ్గర. చార్టులో మిస్డ్ అప్రోచ్ బిందువు ఇంకా ముందుంది. మిస్డ్ అప్రోచ్‌లో మలుపు ఉంటే ఆ బిందువు వచ్చేదాకా తిరగకూడదు. వెంటనే పైకి లేవండి, కానీ గీత మీదే నేరుగా ముందుకు వెళ్లి, బిందువు దాటాకే తిరగండి. ముందే తిరిగితే అడ్డంకుల లెక్క వేయని కొండ వైపు తిరిగినట్టు కావచ్చు. కడప చుట్టూ ఉన్న కొండల్ని ఒకసారి పటంలో చూస్తే ఈ నియమం ఎందుకో వేరే చెప్పనక్కరలేదు.

కనబడిందంటే రన్‌వే దీపాలో, అప్రోచ్ దీపాలో, పాపీనో, గుర్తుపట్టగలిగేది ఏదో కనబడాలి. ఊరి వెలుగు కాదు. రాత్రి అయితే ఇంకా జాగ్రత్త. మన విమానాశ్రయాల చుట్టూ చీకటి పొలాలు, బండలు. కింద ఏ వెలుగూ లేకుండా దూరంగా రన్‌వే దీపాలు మాత్రమే ఉంటే, మీరు ఎత్తులో ఉన్నట్టు కంటికి అనిపిస్తుంది, చేయి ముక్కును దింపుతుంది. కంటిని నమ్మకుండా పాపీని, మైలు అంకెలను పట్టుకోండి. పాపీలో మూడో ఎరుపు వెలిగితే దిగుడు తగ్గించాలి. నాలుగూ ఎరుపయితే గో-అరౌండ్.

ఉపగ్రహం చూపే వాలు గురించి

ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి తయారుచేసిన గగన్ వ్యవస్థతో నిలువు దారి కూడా చూపే ఎల్‌పీవీ అప్రోచ్‌లు మన దేశంలో సాధ్యమయ్యాయి. 2022 ఏప్రిల్ 28న రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో ఇండిగో ఏటీఆర్ 72 దాని మీద దిగింది. గ్లైడ్‌స్లోప్ యంత్రం పెట్టలేని చిన్న విమానాశ్రయాలకు ఇది ఎంత మేలో చెప్పలేను. అయితే కొన్ని జీపీఎస్ పరికరాలు మామూలు ఎల్‌నావ్ అప్రోచ్‌లోనూ సలహాగా ఒక వాలు సూది చూపిస్తాయి. ఆ సూది అచ్చం ఐఎల్ఎస్ సూదిలాగే ఉంటుంది. ఎమ్‌డీఏ కింద అడ్డంకులు లేవన్న హామీ దానికి లేదు, మధ్య మెట్లు పాటిస్తుందన్న హామీ కూడా లేదు. సూది మధ్యలో ఉన్నా మైలు అంకెలు పైకి చదవడం మానవద్దు.

దిగి, ఇంజిన్ ఆపాక, చల్లబడుతున్న కాక్‌పిట్‌లోనే రెండు నిమిషాలు కూర్చోండి. మోకాలి పలక మీది పట్టికలో ప్రతి మైలు పక్కన, మీరు నిజంగా ఉన్న ఎత్తును వేరే రంగు కలంతో రాయండి. ఆ రోజు ఉష్ణోగ్రత, గాలి, క్యూఎన్‌హెచ్ పక్కన వేయండి. ఇరవై కాగితాలు పోగయ్యాక అన్నీ వరసగా పరిచి చూస్తే, మీ చేయి ఏ మైలు దగ్గర ఎటు జారుతుందో రెండో రంగు చూపిస్తుంది. తర్వాతి అప్రోచ్ అభ్యాసం ఆ మైలు నుంచి మొదలుపెట్టండి.